సింధురత్న అధికారులను తలచుకుంటూ

అందరికీ నమస్కారం. ఈ రోజు ఫిబ్రవరి 26. 2014లో ఇదే రోజు, ముంబై దగ్గరి సముద్రంలో ఐఎన్ఎస్ సింధురత్న జలాంతర్గామి మూడో కంపార్ట్‌మెంట్‌లో పొగ కమ్ముకుంది. లెఫ్టినెంట్ కమాండర్ కపీశ్ సింగ్ మువాల్, లెఫ్టినెంట్ మనోరంజన్ కుమార్ అక్కడే ఉండి తోటి నావికులను బయటకు పంపారు. వాళ్లిద్దరూ మాత్రం తిరిగి రాలేదు. ఇద్దరూ చిన్నవాళ్లే. తర్వాత ఇద్దరికీ శౌర్యచక్ర ఇచ్చారు. ప్రమాదం జరిగిన రోజే అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ జోషి నైతిక బాధ్యతతో రాజీనామా చేశారు.

మన విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామిని చూసినవాళ్లకు, కంపార్ట్‌మెంట్ల మధ్య ఉండే ఆ గుండ్రటి తలుపులు గుర్తుండే ఉంటాయి. నడుం వంచి, ముందు ఒక కాలు అవతల పెట్టి, తల కాచుకుంటూ దాటాలి. వెలుతురు ఉండగా, తీరిగ్గా దాటడానికే నాకు ఊపిరి ఆడనట్టు అనిపించింది. పొగలో, కళ్లు మండుతుండగా, పక్కవాణ్ణి ముందు పంపి తాము ఆగిపోయారంటే నాకు గుండె బరువెక్కిపోతుంది.

ఈసారి పిల్లల్ని కురుసురకు తీసుకెళ్తే, ఆ తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగి వీళ్లిద్దరి పేర్లూ చెప్పండి.