మూత్రంలో రక్తం పడితే ‘వేడి’ అని పంపేయకండి

గౌరవనీయులైన జిల్లా వైద్య ఆరోగ్యాధికారి గారికి,

నమస్కారం. ఇదే విషయమై రెండుసార్లు అర్జీ ఇచ్చాను. జవాబు రాలేదు కనుక నలుగురి ముందు రాస్తున్నాను.

మా నాన్నగారు ముప్పై ఏళ్లు మిల్లులో రాత్రిపూట పనిచేసి, పగలు తలుపులు మూసుకుని పడుకున్నారు. బీడీ అలవాటు ఉంది. మూత్రం ఎర్రగా వస్తోందని ఆరోగ్య కేంద్రానికి వెళ్తే, నొప్పి లేదు కదా, వేడి చేసిందన్నారు. సబ్జా నీళ్లు తాగమన్నారు. ఏడు నెలల తర్వాత మూత్రాశయ క్యాన్సర్ అని తేలింది. నొప్పి లేకుండా రక్తం పడటమే చాలామందిలో ఆ జబ్బు తొలి గుర్తని అప్పుడు తెలిసింది.

ఎండ తగిలితే ఒంట్లో తయారయ్యే విటమిన్ డి ఆయన రక్తంలో మిల్లీలీటరుకు 9 నానోగ్రాములే ఉంది. కనీసం 20 ఉండాలట. 2016లో బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు అధ్యయనాలను పరిశీలిస్తే, ఐదింటిలో ఈ లోపానికీ మూత్రాశయ క్యాన్సర్ ముప్పుకూ సంబంధం కనిపించింది. లోపమే కారణమని రుజువు కాలేదు. పొగాకే పెద్ద కారణం. అయినా ఎండ ముఖం చూడని కార్మికులకు ఆ పరీక్ష అందుబాటులో ఉండాలి.

నా విన్నపం ఇది: మూత్రంలో రక్తం పడినవారిని రెండు వారాల్లోగా మూత్ర వ్యాధులు చూసే యూరాలజీ వైద్యుడి దగ్గరికి పంపాలని, రాత్రి షిఫ్టు కార్మికులకు విటమిన్ డి పరీక్ష ఉచితంగా చేయాలని లిఖితపూర్వకంగా ఆదేశించండి.

మా వీధిలో మరొకాయనకు ఇప్పుడు అలాగే పడుతోంది. సోమవారం ఆయనను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తున్నాను.

ఇట్లు,
ఒక మిల్లు కార్మికుడి కూతురు