మూట మోసినవాడికే శిక్షా?

సంపాదకులకు,

గంజాయిని చట్టబద్ధం చేస్తే మాఫియా దానంతటదే పోతుందంటున్నారు కొందరు. నాకు నమ్మకం లేదు. సర్కారే అమ్మినంత మాత్రాన మద్యంతో ఇళ్లు గుల్లవడం ఆగిందా? అలాగని 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) సాధించిందీ తక్కువే. 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలు, బెయిలూ కష్టమే. పాడేరు, చింతపల్లి వైపు నుంచి కూలి డబ్బులకు ఆశపడి బ్యాగు మోసిన కుర్రాడు లోపలుంటాడు, పెట్టుబడి పెట్టినవాడు తప్పించుకుంటాడు. కొద్ది మోతాదుతో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇదే చట్టంలోని 64ఏ సెక్షన్‌లో ఉంది. ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? కాలేజీ సదస్సుల్లో పోలీసులు ముందు ఇది చెప్పాలి. ఏజెన్సీ ఆసుపత్రుల్లో డీఅడిక్షన్ పడకలు పెంచాలి.

– ఒక పాఠకుడు, నర్సీపట్నం