తైవాన్‌లోని సించులో ఉన్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు కాస్త నయం. ఆదివారాలు వచ్చిపోతున్నాయి గానీ నీ ఫోను రావడం లేదు. పని ఎక్కువగా ఉందేమో అనుకుంటున్నాము. రాంబాబు బాబాయి ఏదో అన్నాడులే, ఇప్పుడెందుకు.

మొన్న లైబ్రరీలో మీ చిప్‌ల తయారీ పని గురించి చదివాను. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్. దానితోనే నా ఉద్యోగమంతా గడిచింది. అందులో మళ్లీ వెయ్యో వంతు మీ నానోమీటరు! చిప్‌ల మీద గీతలు ముద్రించే మీ కొత్త యంత్రాల వెలుగు తరంగదైర్ఘ్యం 13.5 నానోమీటర్లట. దాన్ని గాలి కూడా మింగేస్తుంది కనుక లోపల శూన్యం ఉంచుతారట. చదివి వినిపిస్తే అమ్మ ‘మరి పిల్లకు ఊపిరి ఎలా?’ అని కంగారుపడింది. శూన్యం యంత్రం లోపలేనని సర్దిచెప్పాను. దుమ్ము చేరనివ్వని ఆ క్లీన్‌రూములో చలి వేస్తుందా? వేళకు తింటున్నావా?

‘3 నానోమీటర్ల చిప్’ అన్నది ఆ తరానికి పేరే గానీ, లోపలి భాగాల కొలత కాదట. విన్న మాటలన్నీ కొలతలు కావు. మీ కంపెనీలో మనుషులను తీసేస్తున్నారన్న బాబాయి మాటా అంతే అయి ఉంటుంది.

బాలానగర్ టూల్‌రూములో మా అప్పారావు మేస్త్రి గుర్తున్నారా? ఒక రాత్రి షిఫ్టులో ఒక కుర్రవాడు 50 మిల్లీమీటర్ల షాఫ్టు గ్రైండ్ చేసి, వేడి మీదే మైక్రోమీటరు అనే కొలిచే పరికరం పెట్టి ‘సైజు వచ్చింది’ అన్నాడు. మేస్త్రి ఏమీ అనకుండా షాఫ్టును సర్ఫేస్ ప్లేటు అనే చదునైన బల్ల మీద ఉంచి, మమ్మల్ని టీకి తీసుకెళ్లారు. తిరిగొచ్చి కొలిస్తే దాదాపు 11 మైక్రాన్లు తక్కువ! 20 డిగ్రీలు చల్లారితే ఆ మందం ఉక్కు అంత తగ్గుతుంది. అందుకే 1931లోనే కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రమాణంగా పెట్టారు. కుర్రవాడికి కన్నీళ్లు వచ్చాయి. మేస్త్రి రిజెక్షన్ పుస్తకంలో తన చేత్తోనే రాసి, అతనికి ఇంకో ముక్క ఇచ్చారు. తెల్లారేసరికి షాఫ్టు తయారు. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఉద్యోగం పోయినా అంతే అమ్మడూ. మాకు చెప్పాలి. చెప్పకుండా ఒక్కదానివే మోయకూడదు. వయసు వచ్చిన పిల్లలు ఇంట్లోవాళ్లకు కబురు లేకుండా ఉండటం మంచి అలవాటు కాదు. సరే, ఎక్కువ చెప్పను.

కందిపొడి, ఆవకాయ పంపుతున్నాము. సీసాకు రెండు కవర్లు చుట్టాను, అయినా నిలబెట్టే ఉంచు. చిరునామా పాతదేనా, మారిందా? నీకు పదకొండున్నర అయినా మాకు తొమ్మిదే, నిద్ర చెడుతుందని వెనకాడక ఫోను చెయ్యి.

మీ నాన్న