రోము పడింది 476లో కాదురా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చేరింది. రోము సామ్రాజ్యం ఎందుకు కూలిందో చెప్పమంటూనే నాలుగు కారణాలు నువ్వే రాసిపడేశావు. సీసం గొట్టాల నీళ్లు తాగి బుర్రలు పాడయ్యాయనీ, విలాసాలు ముదిరాయనీ, క్రైస్తవం వచ్చి పౌరుషం చచ్చిందనీ, నాణేల్లో వెండి మాయమైందనీ. బాగానే ఉంది గానీ, ఎవరు ఏ కారణం చెప్పినా ముందు ఒక్క ప్రశ్న వెయ్యి: మరి తూర్పు సగం ఎలా బతికింది? క్రీ.శ. 395 నుంచి సామ్రాజ్యానికి రెండు ఆస్థానాలు. పడమటిది ఇటలీలో, తూర్పుది కాన్‌స్టాంటినోపుల్‌లో. సీసం గొట్టాలు అక్కడా ఉన్నాయి, విలాసాలకూ కొదవ లేదు, చర్చీలైతే ఇంకా ఎక్కువ. అయినా 1453 దాకా లాక్కొచ్చింది. దాంతో నీ మొదటి మూడు కారణాలూ గాల్లో కలిసిపోయినట్టే.

నాణేల మాట అలా తీసిపారేయలేం. అందులో మన ఊళ్లకీ ఓ లంకె ఉంది. మొదటి చక్రవర్తి అగస్టస్ నాటి దినారం అనే నాణెం 3.9 గ్రాములు, దాదాపు స్వచ్ఛమైన వెండి. అప్పట్లో సిపాయికి ఏడాది జీతం 225 దినారాలు. 64లో నీరో చక్రవర్తి బరువూ కోసేశాడు, రాగీ కలిపాడు. మన నల్గొండ వైపు అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల కుండలో ఎక్కువగా ఉన్నవి అగస్టస్‌వీ టైబీరియస్‌వీ, అంటే నీరో కన్నా ముందువి. కల్తీ పడ్డాక వెండి నాణేలు ఇటు రావడం బాగా తగ్గింది. వెండిని తూచి పుచ్చుకునేవాడి దగ్గర రాజు బొమ్మ చెల్లదు కదా!

ఆ తర్వాత జారుడే జారుడు. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి నాటికి దినారంలో వెండి సగానికి పడింది. 211లో పోతూ పోతూ అతను కొడుకులకి చెప్పిన మాట: సిపాయిలకి దండిగా ఇవ్వండి, మిగతావాళ్లని పట్టించుకోకండి. పెద్ద కొడుకు కరకల్లా అదే చేశాడు. జీతాలు పెంచి, 215లో కొత్త నాణెం తెచ్చాడు. విలువ రెండు దినారాలు, లోపల వెండి ఒకటిన్నరది. 268 నాటికి ఆ నాణెంలో వెండి ఐదు శాతం కూడా లేదు, రాగి బిళ్లకి వెండి పూత అంతే. నాలుగు చేతులు మారేసరికి చక్రవర్తిగారి ముక్కూ గడ్డమూ ముందు అరిగి ఎర్రగా రాగి బయటపడేది.

అయినా అప్పుడు చావలేదు, చూడు. 260లో వలేరియన్ చక్రవర్తి పారశీకులకి బందీగా దొరికిపోయాడు, గాల్ (ఇవాళ్టి ఫ్రాన్స్ వైపు) విడిపోయింది, సిరియా వైపు పాల్మైరా విడిపోయింది. 274 కల్లా ఆరేలియన్ చక్రవర్తి అన్నీ మళ్లీ కలిపేశాడు. డయొక్లీషియన్ పన్నుని ధాన్యం, మాంసం, బట్టలు, గుర్రాల రూపంలో నేరుగా వసూలు చేయించాడు. కాన్‌స్టాంటైన్ రోమన్ పౌను బంగారానికి 72 చొప్పున సొలిడస్ అనే బంగారు నాణెం కొట్టించాడు, ఒక్కోటి సుమారు 4.5 గ్రాములు. ఆ నాణెం తూర్పున వందల ఏళ్లు చెల్లింది. కాబట్టి నీ నాలుగో కారణం కూడా సగమే నిజం.

అసలు కిటుకు ఎక్కడుందంటే, సామ్రాజ్యమంటే పన్ను సిపాయి దాకా చేరడం. బ్రిటన్, రైన్, డాన్యూబ్ నదుల సరిహద్దులు తినేవే గానీ పెట్టేవి కావు. పెట్టేది ఉత్తర ఆఫ్రికా, అంటే ఇవాళ్టి ట్యునీసియా చుట్టుపక్కల. గోధుమ, ఆలివ్ నూనె బోలెడు, కాపలా సైన్యం కొంచెం. 406 చివర్లో వాండళ్లు, అలన్లు, సూయెబీలు అనే తెగలవాళ్లు రైన్ దాటారు. అలరిక్ వెంట గోత్ తెగవాళ్లు ఇటలీ అంతా తిరిగారు. 408లో రోముని వదలడానికి 5,000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, పైన 3,000 పౌన్ల మిరియాలు పట్టుకుపోయారు. దాదాపు టన్ను మిరియాలు, మలబారు సరుకు! 410లో ఊరినే దోచారు. అందరూ ఈ దోపిడీనే చెప్పుకుంటారు. నన్నడిగితే 413 నాటి శాసనం దానికన్నా భయంకరం. దక్షిణ, మధ్య ఇటలీ జిల్లాలకి ఐదేళ్ల పాటు పన్ను ఐదో వంతుకి దించారు. 418లో మళ్లీ తగ్గింపు, అందులో కంపానియా జిల్లాకి తొమ్మిదో వంతు. సైన్యం నడిచిన చోట పొలం ఉండదు, పొలం లేనిచోట పన్ను రాదు, పన్ను లేకపోతే మరుసటి ఏడాది సైన్యం ఉండదు. వసూలు తగ్గితే లోటు ఊరి పెద్దలే సొంతంగా కట్టాలని చట్టం. వాళ్లేమో సైన్యంలోకో చర్చిలోకో జారుకునేవాళ్లు.

ఇలా ఈడుస్తుండగా 429లో వాండళ్ల రాజు గైసరిక్ స్పెయిన్ నుంచి ఆఫ్రికాలోకి దిగాడు. ఆడా మగా పిల్లాజెల్లా కలిపి 80,000 మంది అని అప్పటి రాత. 439 అక్టోబరు 19న అక్కడి పెద్ద పట్నం కార్తేజ్ పట్టుకున్నాడు. నా లెక్కలో పడమటి రోము పడిపోయిన రోజు అదీ. 441లో దాన్ని విడిపించడానికి తూర్పు నావికాదళం బయల్దేరింది, అంతలో డాన్యూబ్ మీద హూణులు విరుచుకుపడితే వెనక్కి పిలిచేశారు. మూలిగే నక్క మీద తాటిపండు! 444లో పడమటి చక్రవర్తి మూడో వలెంటీనియన్ అమ్మకాల మీద 24వ వంతు కొత్త పన్ను వేస్తూ శాసనంలోనే ఒప్పేసుకున్నాడు, కొత్తవాళ్ల సంగతి సరే, ఉన్న సిపాయిలకే తిండీ బట్టా సరిపోవడం లేదని.

సరిహద్దున అదెలా కనిపించిందో యుగిప్పియస్ అనే సన్యాసి రాసిపెట్టాడు. ఇన్ నది డాన్యూబ్‌లో కలిసేచోట బటావిస్, అంటే ఇవాళ్టి పసావ్, అక్కడో దళం మిగిలింది. జీతాలు ఆగిపోయి మిగతా దళాలు చెదిరిపోయాయి. ఈ దళం మాత్రం ఆఖరి జీతం తెమ్మని కొందర్ని ఇటలీ పంపింది. దారిలో వాళ్లని చంపేశారు. ఎవరికీ తెలీదు. శవాలు నదిలో కొట్టుకొచ్చి ఒడ్డుకి చేరాకే తెలిసింది.

ఆఫ్రికాని తిరిగి పట్టడానికి చివరి పెద్ద ప్రయత్నం 468లో. తూర్పు చక్రవర్తి లియో పదకొండు వందల పైచిలుకు ఓడలు పంపాడు. ఖర్చు 64,000 పౌన్ల బంగారం, దాని పైన వెండి. కార్తేజ్ చేరకుండానే సేనాని బాసిలిస్కస్ ఆగాడు. గైసరిక్ ఐదు రోజులు గడువడిగితే ఇచ్చేశాడు, మహానుభావుడు! గాలి మళ్లగానే వాండళ్లు నిప్పంటించిన ఓడల్ని ఆ తూర్పు ఓడల గుంపు మీదకి వదిలారు. తూర్పు ఖజానా ఖాళీ అయింది గానీ ఈజిప్టు, సిరియా, ఆసియా మైనర్ చేతిలోనే ఉన్నాయి, కాన్‌స్టాంటినోపుల్‌కి 413 నాటి కోటగోడ ఉంది, కాబట్టి కోలుకుంది. పడమటికి కోలుకోవడానికి ఏం మిగిలింది చెప్పు?

ఇక రోము పడిందని నువ్వు బడిలో చదివిన 476. ఇటలీ సిపాయిలు జీతం అడగలేదు, భూమిలో మూడో వంతు అడిగారు. డబ్బు లేదని వాళ్లకీ తెలుసు మరి. అధికారమంతా చేతిలో ఉన్న సేనాని ఒరెస్టెస్ కాదన్నాడు, చంపేశారు. అతని కొడుకు, కుర్ర చక్రవర్తి రోములస్‌ని ఆ సిపాయిల నాయకుడు ఒడోయాకర్ జాలిపడి వదిలేసి, ఏడాదికి 6,000 సొలిడస్‌లు భరణం కట్టి కంపానియాకి పంపేశాడు. చక్రవర్తి చిహ్నాల్ని కాన్‌స్టాంటినోపుల్‌కి పంపించాడు, ఇక్కడ వేరే చక్రవర్తి అక్కర్లేదని.

అట్టిలా సంగతి ఇందులో పట్టలేదు, వచ్చే ఉత్తరంలో రాస్తా. పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రాజు