పర్యాటక శాఖ మంత్రి గారికి: ఒక్క గడీని తోట చేయండి సార్

మంత్రి గారూ, నమస్తే. మా అమ్మాయి వాళ్లుండేది అమెరికాలో లాస్ ఏంజిలస్ దగ్గర, అక్కడికి పోయినప్పుడు సాన్ మరీనోలో హంటింగ్టన్ ఎస్టేట్ చూపించారు, అప్పట్నుంచీ మన గడీల గురించి, అంటే ఊళ్లల్లో పాత దొరలు ఉన్న కోటల్లాంటి ఇళ్ల గురించి, మీకు రాయాలని మనసులో ఉంది.

హెన్రీ హంటింగ్టన్ అనే ఆయన ట్రామ్ లైన్లు వేసి, భూముల వ్యాపారం చేసి గట్టిగా సంపాదించాడు, దానికి రైల్వే కంపెనీ బాబాయి ఆస్తి కూడా కలిసొచ్చింది (బాబాయి పోయాక పిన్నినే పెళ్లి చేసుకున్నాడు, ఆ ముచ్చట మనకెందుకు లెండి). 1919లో ఇద్దరూ కలిసి ఇల్లు, తోటలు, పుస్తకాలు, పెయింటింగులు అన్నీ ఒక ట్రస్టుకి రాసిచ్చారు, ఆయన 1927లో పోతే 1928లో జనం కోసం గేట్లు తెరిచారు. వాళ్లున్న ఇల్లే ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీ, 1770లో గెయిన్స్‌బరో అనే ఇంగ్లండ్ చిత్రకారుడు వేసిన నీలం బట్టల పిల్లాడి బొమ్మ ఉండేది అందులోనే.

నాకైతే బొమ్మల కంటే 1907లో మొదలుపెట్టిన ఎడారి మొక్కల తోట నచ్చింది. మన దగ్గర చేను గట్ల మీద ఎవరూ పట్టించుకోని నాగజెముడు, కలబంద, వాటి చుట్టపక్కాలన్నీ అక్కడ రాజాల్లాగా ఉన్నాయి, గుండ్రటి కాక్టస్‌లకు వెనక నుంచి ఎండ పడితే ముళ్లన్నీ పచ్చగా బంగారంలా మెరుస్తున్నాయి, పక్కనే పేర్ల పలకలు.

ఇంకోటి చెప్పాలి. ఆ బాబాయి రైల్వే లైను కొండలు తొలిచి వేసింది ఎక్కువగా చైనా కూలీలే, ఇప్పుడదే ఎస్టేట్‌లో 2008 నుంచి చెరువు, రాళ్లు, మంటపాలతో పెద్ద చైనా తోట ఉంది. అది చూస్తుంటే నాకు మన గడీలే యాదికొచ్చినయి. గడీ అంటే మా పెద్దోళ్లకు వెట్టిచాకిరి, దొర ముందు చెప్పులు చేతిలో పట్టుకొని నడవడం, అందుకే కొన్ని కూలిపోయినా ఎవరూ బాధపడలేదు, నేను తప్పుపట్టను కూడా. కానీ కామారెడ్డి జిల్లాలో దోమకొండ కోటను దాని పాత దొరల కుటుంబం వాళ్లే బాగుచేసుకుంటే 2022లో యునెస్కో అవార్డు వచ్చింది కదా, అంటే చేస్తే అవుతుందన్నట్టే.

నేనడిగేది రిసార్టు కాదు సార్, దయచేసి లాన్ గడ్డి, సెల్ఫీ పాయింటు అసలే వద్దు. ప్రభుత్వం చేతిలో ఉన్న ఒక్క గడీ తీసుకోండి, ఆవరణలో తంగేడు, గునుగు, మోదుగ, ఇప్ప, జమ్మి పెట్టించండి, బతుకమ్మకు పూలెక్కడివని పిల్లలు అడిగితే చూపించడానికి ఒక చోటు ఉండాలి. లోపల హాల్లో చేర్యాల పటాలు పెట్టండి, ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి వేసే ఆ పటాన్ని చుట్ట విప్పుకుంటూ కథ చెప్పే కళాకారులకు నెల జీతం ఇవ్వండి. ఒక గది మాత్రం వెట్టి చేసినోళ్లకు, 1946 తర్వాత దొరల మీద తిరగబడ్డోళ్లకు వదలండి, దాన్ని దాచిపెడితే ఆ గడీకి నేనైతే రాను.

అన్నిటికంటే ముఖ్యం మెయింటెనెన్స్. రిబ్బన్ కట్ చేసిన రోజు ఉన్న పూలు మూడో ఎండాకాలానికి ఉండాలంటే మాలీల జీతం, బోరు కరెంటు బిల్లు ఏటా బడ్జెట్ కోసం ఎదురుచూడకుండా ఒక ట్రస్టు కింద డిపాజిట్ వేసి పెట్టండి. హంటింగ్టన్‌లో నెలలో మొదటి గురువారం ముందే బుక్ చేసుకున్నోళ్లకు టికెట్ లేదు, మన దగ్గర సర్కారు బడి పిల్లలకు ఏ రోజైనా ఉండొద్దు.

ఇట్లు,
సిద్దిపేట జిల్లా నుంచి ఒక రిటైర్డ్ టీచర్