కథకు కీ పేపరు ఎక్కడిది?

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా సెప్టెంబరు 21న గురజాడ జయంతికి మన విజయనగరంలో విగ్రహానికి దండలు వేస్తారు, బడిపిల్లలు దేశభక్తి గేయం పాడతారు, ఆ నాలుగు రోజులూ పోటీలు కూడా పెడతారు. సంతోషమే. అలాంటి ఒక పోటీలో గురజాడ రాసిన ‘దిద్దుబాటు’ కథ మీద ప్రశ్న ఇచ్చారు: ‘కథలో చీకటి దేనికి ప్రతీక?’ మా పదో తరగతి అమ్మాయి రెండు పేజీలు రాసింది. మార్కులు దాదాపు సున్నా. ఎందుకని అడిగితే, దిద్దినాయన తన దగ్గరున్న కాగితం చూపించారు. అందులో ఒకటే వాక్యం. ‘చీకటి అజ్ఞానానికి ప్రతీక.’ పిల్ల ఆ మాట రాయలేదు. “రాసింది తప్పా అండీ?” అంటే, “తప్పని కాదు మాస్టారూ, కీలో లేదు” అన్నారు. ఆయన్ని అని లాభం లేదు, ఆయన చేతికిచ్చిందే అది. నా ఉత్తరం ఆ కీ గురించే.

పిల్ల ఏం రాసిందో పాఠకులకు చెప్పాలి. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చిన ఈ కథ చాలామందికి తెలిసిందే. నాచ్‌లకు, అంటే సానుల ఆటపాటలకు, వ్యతిరేకినని చెప్పుకునే గోపాలరావు పాట వినడానికి పోయి, అర్ధరాత్రి దాటాక పిల్లిలా ఇల్లు చేరతాడు. ఇంట్లో ఎక్కడా దీపం లేదు. పడకగదిలో బల్ల తడిమి అగ్గిపుల్ల వెలిగిస్తాడు. పక్క మీద భార్య కమలిని లేదు. చేతిలోని పుల్ల జారి కింద పడుతుంది. అప్పుడు గదినీ అతని మనసునీ కూడా చీకటి కమ్మిందని రాశారు గురజాడ. మా అమ్మాయి ఈ అగ్గిపుల్లనే పట్టుకుంది. చీకటి అంటే అజ్ఞానమే అయితే, పుల్ల వెలిగి సంగతి తెలిశాక అది పోవాలి కదా? ఇక్కడ ఆ వెలుతురులో ఖాళీ పక్క కనబడిన తర్వాతే అతని మనసులోకి చీకటి వచ్చింది. కాబట్టి ఇది తెలియనితనం కాదు, తెలిశాక పట్టుకున్న భయం అని రాసింది. లోపలి వాకిట్లో వెన్నెల కాస్తూనే ఉందనీ, వీధిలో నౌకరు రాముడు చుట్ట కాల్చుకుంటూ చుక్కలు లెక్కపెడుతున్నాడనీ, చీకటల్లా అయ్యగారి గదిలోనే ఉందనీ కూడా రాసింది. ఇంతకంటే ఏం కావాలి?

అదే కథ క్లాసులో చదివించినప్పుడు వెనక బెంచీ కుర్రాడు ఒకడు ఇంకో సంగతి పట్టాడు. గోపాలరావు తర్వాత దీపం వెలిగించి గది నాలుగు వైపులా వెతుకుతాడు. “మంచం కిందకి మాత్రం వంగనేదు కదండి మాస్టారూ” అన్నాడు. కథ చివర్లో కమలిని నవ్వు, గాజుల చప్పుడు వచ్చేది ఆ మంచం కింద నుంచే. లోకాన్ని బాగుచెయ్యడానికి బయల్దేరిన మనిషి సొంత గదిలో నడుం వంచి చూడలేకపోయాడన్నమాట. ఏ గైడులోనూ ఈ మాట నాకు కనబడలేదు. కనబడదు కూడా, ఎందుకంటే గైడు రాసేవాళ్లు కథ ముందు పెట్టుకుని రాస్తారన్న నమ్మకం నాకు లేదు.

అలాగని పిల్లలు ఏం చెప్పినా ఒప్పేసుకోమని కాదు. గడియారం ఒంటిగంట కొట్టడం మీద ఒకడు పెద్ద వ్యాఖ్యానమే మొదలెట్టాడు. ఒక్క గంట అంటే ఇంట్లో ఒక్కడే మిగిలాడని సూచనట. పక్కవాడు “ఒరే, లేటయిందిరా, అంతే” అన్నాడు. ఇద్దర్నీ పుస్తకంలోకే పంపాను. గంట వినగానే గోపాలరావు అనుకున్నది ఎంత ఆలస్యం చేశానో అనే. రెండోవాడు నెగ్గాడు. మొదటివాడు కాసేపు మొహం మాడ్చుకున్నాడు గానీ, ఆ తర్వాత ఏ మాట అన్నా ముందు పేజీ తిప్పి చూసుకుని అంటున్నాడు.

నేను పాటించే పద్ధతి పెద్ద విద్యేం కాదు. ‘ప్రతీక’ అన్న మాట మొదట్లో ఎత్తను. ఎత్తానా, పిల్లలు పెన్నులు తీసి బోర్డు వైపు చూస్తారు, మాస్టారు చెప్పింది ఎక్కించుకుందామని. అందుకే ముందు కథలో ఉన్న వస్తువులు రాయమంటాను. అగ్గిపుల్ల, చుట్ట, ఉత్తరం, మంచం, గాజులు. ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది? ఇది అయ్యేసరికి సగం పిల్లలు అడక్కుండానే అర్థాల్లోకి దిగిపోతారు. మిగతా సగం దిగరు. ఫరవాలేదు, వాళ్లకి కథయినా మిగులుతుంది.

మన పక్క జిల్లా కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) ‘యజ్ఞం’ కథ పెద్ద పిల్లలతో చదివితే ఇంకా గొడవ. సుందరపాలెంలో అప్పు మీద పంచాయితీ. చివరికి అప్పుపడ్డ అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన పసివాణ్ణే చంపి పెద్దల ముందుకు తెస్తాడు, బానిసగా బతకనివ్వనని. ‘యజ్ఞపశువు పిల్లవాడు’ అని రాసేస్తే సరిపోతుంది, కీ ఆ మాటే అడుగుతుంది. కానీ ఒక పిల్లాడు అడిగాడు: “పశువు సరే మాస్టారూ, మరి యజ్ఞం చేసిందెవరు?” తండ్రా? తీర్పు చెప్పడానికి కూర్చున్న పెద్దలా? ఊరు బాగుపడిందని చెప్పుకుంటూ ఈ అప్పు ఎలా పెరిగిందో చూడనివాళ్లా? బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు రాసి పెట్టమంటే నా వల్ల కాదు.

కట్టలకొద్దీ పేపర్లు దిద్దేవాళ్లకి ఇవన్నీ చదివే టైము ఎక్కడిదని తోటి ఉపాధ్యాయులే అంటారు. నిజమే, స్పాట్‌లో (పరీక్ష పేపర్లు దిద్దే క్యాంపులో) కూర్చున్నవాడికి తెలుస్తుంది ఆ టెన్షన్. మనిషికో తీరుగా మార్కులు పడతాయన్న భయం కూడా ఉంది. నేనడిగేది చిన్నది. కథ మీద అయిదు మార్కుల ప్రశ్న ఉంటే, పిల్లాడి అభిప్రాయానికి రెండు, దానికి కథలోంచి చూపించిన ఆధారానికి మూడు వెయ్యమని మూల్యాంకన సూచనల్లో ఒక వాక్యం చేర్చండి. లెక్కల్లో జవాబు తేడా వచ్చినా స్టెప్పులకి మార్కులు ఇస్తున్నాం కదా. (కారా కూడా లెక్కల మాస్టారే.) జయంతి పోటీలు పెట్టేవాళ్లకి బోర్డుల అనుమతి కూడా అక్కర్లేదు, వచ్చే సెప్టెంబరు నుంచే మొదలెట్టొచ్చు.

అలాగే శ్రీకాకుళంలో 1997లో కారా మాస్టారు పెట్టిన కథానిలయం ఉంది. తెలుగు కథలు అచ్చయిన పాత పత్రికలూ సంపుటాలూ అక్కడ పోగుచేశారు. మన రెండు జిల్లాల బడులు విహారయాత్రంటే బీచ్‌కో గుడికో బస్సు కడతాయి. దారిలో ఒక పూట అక్కడ ఆపితే, కథ అంటే గైడులో పేరా కాదని పిల్లలకి కళ్లతో కనబడుతుంది.

ఇక మీకూ ఒక విన్నపం. పరీక్షల రోజుల్లో మీ చదువు పేజీలో తెలుగు ప్రశ్నలూ జవాబులూ వేస్తున్నారు. మా పిల్లలు వాటిని కత్తిరించి నోట్సులో అంటించుకుంటారు, అంత నమ్మకం. ఈసారి ఒక్క కథ ప్రశ్న జవాబు లేకుండా వెయ్యండి. పిల్లల్నే రాసి పంపమనండి. వచ్చినవాటిలో ఒకదానితో ఒకటి కుదరని రెండిటిని పక్కపక్కన అచ్చువెయ్యండి. మా బడి నుంచి ఒక కవరు తప్పకుండా వస్తుంది.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
విజయనగరం జిల్లా