‘ఛాపా నేయ్’ అనే మాట వినీ వినీ...
కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టాను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, నాన్నగారి వర్క్‌షాపులో హిందీ. బెంగాలీ నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, ఆటల్లో అదే పట్టుబడింది. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. రిటైరయ్యాక బెంగాలీ కథలు, నవలలు తెలుగులోకి తెస్తున్నాను. తెస్తున్నాను అనే కంటే, తేవడానికి తిప్పలు పడుతున్నాను అంటే సరిగ్గా ఉంటుంది. ఆ తిప్పల్లో చాలావరకు మీ శాఖ చేతిలో ఉన్నవే కాబట్టి ఈ ఉత్తరం.

2024 అక్టోబరులో మీ ప్రభుత్వం బెంగాలీకి ప్రాచీన భాష హోదా ఇచ్చింది. మంచిదే. మాకు అది 2008లోనే వచ్చింది కాబట్టి ఈ విషయంలో మేం బెంగాలీల కంటే సీనియర్లం. మా అధ్యయన కేంద్రం చాన్నాళ్లు మైసూరులో ఉండి, తర్వాత నెల్లూరు చేరింది. శాసనాలు, పాత కావ్యాల మీద అక్కడ పని జరుగుతుంది, జరగాలి కూడా. అయితే ఆ హోదా పుణ్యాన కొత్తగా ఒక్క పుస్తకాల షాపు తెరుచుకోవడం నా కళ్లకైతే కనబడలేదు. ఇప్పుడు బెంగాలీకొచ్చే డబ్బు కూడా సెమినార్లకీ శాలువాలకీ సరిపోతుందేమోనని నా భయం.

ఎందుకంటే బెంగాలీ సాహిత్యం మొదటినుంచీ దుకాణం మీదే బతికింది. పిల్లలకు అక్షరాలు నేర్పే పుస్తకం రాసిన విద్యాసాగర్ గారు 1847లోనే అప్పు చేసి ప్రెస్సు పెట్టారు, దానికి తోడు పుస్తకాల డిపో తెరిచారు. రాయడం, అచ్చేయడం, అమ్మడం అన్నీ ఆయనే చూసుకున్నారు. వందేళ్ల తర్వాత, 1943లో మొదలైన సిగ్నెట్ ప్రెస్సుకు అట్టల మీద బొమ్మలు వేసిన కుర్రాడు సత్యజిత్ రాయ్. బిభూతిభూషణ్ ‘పథేర్ పాంచాలీ’ నవలను పిల్లల కోసం కుదించి వేస్తుంటే, దానికి బొమ్మలు గీస్తూ గీస్తూ ఇది సినిమాకి పనికొస్తుందే అనుకున్నారట. లోకమంతా చూసిన ఆ సినిమా వెనకాల ఒక ప్రచురణకర్త ఇచ్చిన బొమ్మల పని ఉంది.

కలకత్తాలో పుస్తకాల షాపుల వీధి కాలేజ్ స్ట్రీట్‌కు మీరు వెళ్లారో లేదో నాకు తెలీదు. వెళితే మాత్రం కాన్వాయ్ లేకుండా వెళ్లండి, అంత చోటుండదు. ప్రెసిడెన్సీ కాలేజీ గోడ వెంబడి చెక్కతో, రేకుతో కట్టిన గూళ్లలాంటి షాపులు. లోపలి సందుల్లోని పాత షాపుల్లో మనంతట మనం పుస్తకం తీసి తిరగేసే వీలుండదు. కౌంటరు దగ్గర నిలబడి పేరు చెప్పాలి. అవతలి దాదా (బెంగాలీలో దాదా అంటే అన్నగారు) ఆ పేరు లోపలికి కేకేస్తాడు. నిచ్చెన మీదున్న కుర్రాడు అక్కణ్నుంచి అదే కేక తిప్పి వేస్తాడు. పుస్తకం దొరికితే చేత్తో దుమ్ము కొట్టి, మనం అడక్కుండానే బిల్లులో ఇరవై శాతం తగ్గించి, ఖాకీ కాగితంలో చుట్టి పురికొస కడతారు. దొరక్కపోతే రెండే మాటలు: ‘ఛాపా నేయ్’. అచ్చులో లేదు అని. కిందటిసారి నా చీటీలో పదకొండు పేర్లుంటే ఏడింటికి ఆ మాటే విన్నాను. మూడోసారికి దాదా తనే నొచ్చుకుని, నాకు మట్టి ముంతలో టీ తెప్పించాడు. ఆ ఏడింటిలో రెండు తర్వాత ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో దొరికాయి. ఒకదాని మొదటి పేజీలో, పెళ్లికూతురికి మేనమామ ఆశీస్సులు, 1968 అని సిరాతో రాసుంది. పెళ్లికి పుస్తకం చదివించే అలవాటు ఉన్న జాతి అది. అలాంటివాళ్ల దగ్గరే మంచి నవలలు అచ్చులో లేవంటే ఆశ్చర్యంగా ఉంటుంది కదా!

ఇక మా సంగతి. తెలుగువాళ్లకు బెంగాలీ అంటే ‘దేవదాసు’ రాసిన శరత్‌బాబు. ఆయన తెలుగువాడు కాదంటే నమ్మని పాఠకులు ఒకప్పుడు ఉండేవారు. ఆయన మీది ప్రేమతో కొడుక్కి శరత్ అని పేరు పెట్టుకున్న ఇళ్లు నాకే నాలుగు తెలుసు. ఈ చుట్టరికం ఏ ప్రభుత్వమూ కలపలేదు. మదనపల్లె శానిటోరియంలో క్షయకు వైద్యం చేయించుకుంటూ చక్రపాణి గారు బెంగాలీ నేర్చుకున్నారు, శరత్‌ను తెలుగు చేశారు. ‘చందమామ’, విజయా సినిమాలు ఆ తర్వాతి సంగతి. విజయవాడలో బొందలపాటి శివరామకృష్ణ గారు దేశి కవితా మండలి పేరుతో శరత్‌ను ఇంటింటికీ చేర్చారు. బిభూతిభూషణ్‌ను మద్దిపట్ల సూరి గారు, సూరంపూడి సీతారాం గారు తెచ్చారు. ఆ తర్వాత మహాశ్వేతా దేవి లాంటి కొద్దిమందిని పక్కనపెడితే విజయవాడలో మా ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో బెంగాలీ అర దాదాపు అక్కడే ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో చెబుతాను. రచయిత పోయాక అరవై ఏళ్ల వరకు హక్కులు వారసులవి. శరత్ 1938లో పోయారు, ఎవరైనా అచ్చేయొచ్చు, అందుకే జనవరిలో మా పుస్తక ప్రదర్శనలో ఆయన కనబడని స్టాలుండదు. టాగోర్ హక్కులు 1991తో తీరిపోవాల్సింది, చట్టం మార్చి పదేళ్లు పెంచారు, 2001 చివరిదాకా విశ్వభారతి దగ్గరే ఉన్నాయి. మాణిక్ బందోపాధ్యాయ్ 2017 నుంచి అందరివాడు. తారాశంకర్ కావాలంటే 2032 దాకా ఆగాలి. అంటే మాకు ఏ బెంగాలీ రచయిత దొరకాలన్నది ఆయన ఎంత బాగా రాశాడన్నదాన్ని బట్టి కాకుండా ఎప్పుడు పోయాడన్నదాన్ని బట్టి తేలుతోంది. మాట కటువుగా ఉంటే మన్నించండి.

హక్కులు అడిగి తీసుకోవచ్చు కదా అంటారేమో. నలభై ఏళ్ల కింద పోయిన ఒక రచయిత్రి నవల అనువాదం చేసి, అనుమతి కోసం అక్కడి ప్రచురణకర్తకు మూడు మెయిళ్లు పెట్టాను. జవాబు లేదు. ఫలక్‌నుమా రైలెక్కి స్వయంగా వెళ్లాను. మనుషులు మర్యాదస్తులే, కూర్చోబెట్టి మిష్టి, అంటే మిఠాయి, పెట్టారు, హక్కులు కుటుంబం దగ్గరున్నాయన్నారు. కుటుంబం అంటే ముగ్గురు. ఒకరు కలకత్తా సాల్ట్ లేక్‌లో, ఒకరు అమెరికాలో, మూడోవారి అడ్రసు మిగతా ఇద్దరికీ తెలీదు. సాల్ట్ లేక్ ఆవిడ ‘నాకేం అభ్యంతరం లేదు బాబూ, కానీ అన్నయ్యను అడగాలి’ అన్నారు. అన్నయ్య ఫోన్ తీయరు. ఏడాదిన్నర గడిచింది. 212 పేజీలు నా టేబుల్ సొరుగులో ఉన్నాయి. ఇందులో ఎవరిమీదా నాకు కోపం లేదు. వాళ్లకు నావల్ల వచ్చే సొమ్ము రెండు మూడు వేలు, అంతకోసం ఎవరు కాగితాలు వెతుకుతారు?

ఇక్కడ మీరు చేయగలిగింది ఉంది. సాహిత్య అకాడెమీ మీ శాఖ కిందిదే, దానికి కలకత్తాలో ప్రాంతీయ కార్యాలయం ఉంది. అందులో ఒక బల్ల, ఒక మనిషి, ఒక రిజిస్టరు చాలు. ఏ రచయిత హక్కులు ఎవరి దగ్గరున్నాయి, ఫోన్ నంబరు ఏమిటి, చిన్న భాషల అనువాదానికి రేటు ఎంత. ఆపైన రెండు పేజీల ఒప్పందం నమూనా. కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన రాయి అసలే అక్కర్లేదు.

రెండో మనవి రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ గురించి. 1972 నుంచి అది కలకత్తాలోనే ఉండి దేశమంతా గ్రంథాలయాలకు పుస్తకాలు అందిస్తోంది. తెలుగులో అనువాద నవల ఐదొందల కాపీలు వేయాలన్నా ప్రచురణకర్త వెనకాముందూ ఆడుతున్నాడు. భారతీయ భాషల నుంచి నేరుగా చేసిన అనువాదమైతే రెండొందల కాపీలు మేం కొంటాం అని ఆ సంస్థ ముందుగానే మాటిస్తే, ఆ ప్రచురణకర్తకు సగం టెన్షన్ తగ్గుతుంది.

‘నేరుగా’ అన్న మాట ఊరికే వాడలేదు. ఈ మధ్య చాలా బెంగాలీ పుస్తకాలు ఇంగ్లీషు మీదుగా తెలుగుకొస్తున్నాయి. బెంగాలీలో ఎదుటివాణ్ని పిలవడానికి తుయి, తుమి, ఆప్‌ని అని మూడు మెట్లున్నాయి. ఒక నవలలో అప్పటిదాకా ఆప్‌ని అన్న అమ్మాయి ఒక వాన రాత్రి తుమి అంటుంది. కథంతా ఆ ఒక్క మాటలో తిరుగుతుంది. ఇంగ్లీషులో రెండూ ‘యూ’నే. దాన్ని చూసి తెలుగు చేసినవాడికి ఆ వాన రాత్రి ఏం జరిగిందో తెలిసే దారే లేదు. మనకు చక్కగా మీరు, నువ్వు ఉండి కూడా! ఇంకోటి: ‘అభిమాన్’. బెంగాలీలో అది మనకు తెలిసిన అభిమానం కాదు. కావలసినవాళ్ల మీద వచ్చే ఉక్రోషం, మూతి ముడుపు. ఇంగ్లీషువాళ్లు దానికి రెండు మాటలు అతికించి చేతులెత్తేస్తారు. మనకు అచ్చంగా సరిపోయే మాట ఉంది, అలక. సత్యభామ దేశంలో ఆ మాట దొరక్కపోవడమేమిటి? కానీ అది తట్టాలంటే బెంగాలీ వచ్చి ఉండాలి. ఖరగ్‌పూర్‌లో రెండు భాషలూ సమానంగా మాట్లాడే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. 2020లో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇచ్చిందీ అక్కడి తెలుగువాళ్లను చూసే. ఆ పిల్లల్లో ఏటా ఓ పదిమందికి అనువాదం నేర్పి, నెలకింత ఇచ్చి, ఓ ప్రచురణకర్త దగ్గర కూర్చోబెట్టండి.

పోస్టు మీది కాదు, తెలుసు. కానీ కేబినెట్‌లో మీ పక్క కుర్చీలే కదా. తక్కువ రేటుకు పుస్తకాలు పంపే పాత పద్ధతిని 2024 డిసెంబరులో చెప్పాపెట్టకుండా తీసేశారు. గొడవయ్యాక 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, మూడొందల గ్రాములకు ఇరవై రూపాయలు, ఐదు కిలోలకు వంద, పైన పన్ను. రేటు బాగానే ఉంది. ఒక పోస్టాఫీసులో దాని పేరు చెబితే కౌంటర్లో అమ్మాయి ‘అది మాకు సిస్టంలో రాదండీ, స్పీడ్ పోస్ట్ చేసుకోండి’ అంది. నూట యాభై రూపాయల కవిత్వం పుస్తకాన్ని స్పీడ్ పోస్టులో పంపితే ఎవరికి గిట్టుతుంది? తమాషా ఏమిటంటే, 1954 చట్టం ప్రకారం మా ఏలూరు రోడ్డులో అచ్చయిన ప్రతి పుస్తకమూ ఒక కాపీ కలకత్తా నేషనల్ లైబ్రరీకి వెళ్లాలి. అంటే ఇటునుంచి అటు వెళ్లడానికి చట్టమే ఉంది. అటునుంచి ఇటు రావడానికే దారి లేదు.

ఇంకా ఒకటుంది, అది నీళ్ల సంగతి. 2020 మేలో అంఫాన్ తుఫానుకు కాలేజ్ స్ట్రీట్ వీధిలో పుస్తకాలు తేలాయి, ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. 2025 సెప్టెంబరులో, దుర్గా పూజలకు సరిగ్గా ముందు, ఒక్క రాత్రి వానకు మళ్లీ మునిగాయి. కింది అరల్లో ఉండేవి బరువైన పుస్తకాలు, తిరిగి వేయడానికి ఎక్కువ ఖర్చయ్యేవి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే అట్ట పైకి లేచి అప్పడంలా అవుతుంది, కిలో లెక్కన కూడా ఎవరూ కొనరు. ఆ షాపులకు గట్టి బీమా, ఎత్తులో ఉమ్మడి గోదాం ఒకటి కావాలి. రాష్ట్రంతో పేచీలు ఉంటే ఈ ఒక్కదానికి పక్కన పెట్టండి.

కలకత్తా పుస్తక మేళాకు మీ సాయం అక్కర్లేదు. 1976 నుంచి నడుస్తోంది, 1997లో మంటల్లో కాలిపోతే కొద్దిరోజుల్లోనే మళ్లీ తెరిచి నిలబడ్డవాళ్లు వాళ్లు. మిగతా పదకొండున్నర నెలలకే సాయం కావాలి. సందీప్ దత్తా అనే టీచరు కలకత్తా టేమర్ లేన్‌లో 1978లో చిన్న పత్రికల కోసం గ్రంథాలయం పెట్టి, జీవితమంతా ఒక్కొక్కటే పోగేసి 2023లో కన్నుమూశారు. మళ్లీ ఎక్కడా దొరకని సంచికలు అందులో ఉన్నాయి. స్కాన్ చేయించడానికి మీకయ్యే ఖర్చు ఒక సాంస్కృతిక ఉత్సవంలో పూలదండల పద్దు కంటే తక్కువే ఉంటుందని నా అంచనా.

ఏప్రిల్ నడుమ పొయిలా బొయిశాఖ్, అంటే బెంగాలీ ఉగాది, నాడు అక్కడి ప్రచురణకర్తలు రచయితల్ని పిలిచి మిఠాయి పెడతారు, కొత్త లెక్కల పుస్తకం తెరుస్తారు, కొందరు ఆ రోజే రాయల్టీ కూడా చేతిలో పెడతారు. వచ్చే ఏడాది ఆ రోజుకి నేను మళ్లీ వెళతాను, చీటీలో ఆ ఐదు పేర్లూ అలాగే ఉన్నాయి. ఈలోగా మీ శాఖలో ఈ ఫైలు ఎవరి బల్ల మీదికి వెళుతుందో ఒక్క ముక్క రాయించండి చాలు. ఢిల్లీ వచ్చి మాట్లాడమన్నా వస్తాను, స్లీపర్ టికెట్ నేనే కొనుక్కుంటాను. సొరుగులోని 212 పేజీలూ వెంట తెస్తాను.

ఇట్లు,
విధేయతతో,
విజయవాడ నుంచి ఒక అనువాదకుడు